చీపురు పట్టిన కరాటే గురువు

మన హాస్టల్లో కరాటే క్లాసు మొదలైన ప్రతిసారీ తమ్ముళ్లు మొదటి వారంలో అడిగే ప్రశ్న ఒక్కటే. "పెంకు ఎప్పుడు పగలగొట్టిస్తరు సార్?" రెండో ప్రశ్న కూడా ఉంటుంది. అది మాస్టారిని అడగరు, మాలాంటి సీనియర్లను అడుగుతారు. "అన్నా, కరాటే వస్తే ఒక్కడు నలుగురిని కొట్టొచ్చా?" ఇందులో తమ్ముళ్ల తప్పేమీ లేదు. 1999లో వచ్చిన 'తమ్ముడు', 2003లో వచ్చిన 'అమ్మ నాన్న ఓ తమిళ అమ్మాయి' టీవీలో ఎన్నిసార్లు వేసినా అన్నం ప్లేటు పట్టుకుని నిలబడి చూసినవాళ్లమే మనమంతా.

అయినా నా అభిప్రాయం వేరు. సికింద్రాబాద్‌లో హాస్టల్లో ఉండి చదువుకునే కుర్రాడికి సంవత్సరంలో ఎన్నిసార్లు వీధిలో కొట్లాట ఎదురవుతుంది? చాలామందికి ఒక్కసారి కూడా కాదు. బకెట్ మాత్రం రోజూ ఎదురవుతుంది. పై అంతస్తు కుళాయిల్లో నీళ్లు రాని హాస్టల్ ఒకటి తీసుకుని లెక్క వేద్దాం. అలాంటివి మనకు తెలియనివి కావు. పదిహేను లీటర్ల నీళ్లంటే పదిహేను కిలోలు, బకెట్ బరువు వదిలేద్దాం. రోజుకు రెండు ట్రిప్పులు, సంవత్సరానికి 200 రోజులు అనుకున్నా 6,000 కిలోలు. ఐదో తరగతిలో చేరి పదో తరగతి దాకా ఉండే పిల్లవాడు ఆరేళ్లలో 36 టన్నుల నీళ్లు మెట్లెక్కిస్తాడు. దీనికి తోడు ట్రంకు పెట్టెలు, దుప్పట్లు ఉతకడం, వరండా ఊడ్వడం, మెస్‌కు బియ్యం వచ్చిన రోజు బస్తాలు దింపడం. ఇంత పని చేసే శరీరానికి వారానికి రెండు గంటలు కరాటే నేర్పుతూ, ఆ నేర్పినదాన్ని ఈ పనికి వాడుకోవచ్చని ఎవరూ చెప్పకపోవడం నాకు వింతగా ఉంటుంది.

సినిమాల్లో ఈ సంగతి ఉంది కానీ తలకిందులుగా ఉంది. 1978 నాటి షావొలిన్ సినిమాలో హీరో చేతులు చాచి నీళ్ల బకెట్లు మోస్తాడు. 1984లో వచ్చిన 'కరాటే కిడ్'లో పిల్లవాడు కారు తుడుస్తాడు, గోడకు రంగు వేస్తాడు, చివరికి అవే దెబ్బలను ఆపే కదలికలు అని తెలుస్తుంది. రెండింటిలోనూ పని అనేది కొట్లాటకు మెట్టు మాత్రమే. కొట్లాట వచ్చాక హీరో మళ్లీ బకెట్ ముట్టుకోడు. మనకు అలా కుదరదు కదా. రేపు పొద్దున మళ్లీ స్నానం చెయ్యాలి.

అసలు కరాటే గురువులు ఏం చేశారో చూస్తే మాట మారిపోతుంది. మన క్లాసులో గోడ మీద పటం కట్టి దండం పెట్టిస్తారే, ఆ గిచిన్ ఫునకోషి సంగతి చెబుతాను. ఆయన 1868లో ఒకినావా దీవిలో పుట్టారు. బడిపంతులుగా చాలా ఏళ్లు పనిచేశారు. 1922లో కరాటే ప్రదర్శన ఇవ్వడానికి టోక్యో వచ్చి అక్కడే ఉండిపోయారు. అప్పటికి యాభై దాటాయి. చేతిలో డబ్బు లేదు, పేరు లేదు. అప్పుడు ఆయనకు నీడ ఇచ్చింది ఏమిటో తెలుసా? ఒక హాస్టల్! ఒకినావా నుంచి టోక్యోకు చదువుకోవడానికి వచ్చిన విద్యార్థులు ఉండే 'మెయిసెయ్ జుకు' అనే వసతి గృహం. అక్కడ ఒక చిన్న గదిలో ఉంటూ పగలంతా ఆవరణ ఊడ్చి, గదులు శుభ్రం చేసి, కాపలా చూసేవారు. మన మాటల్లో చెప్పాలంటే కామాటి, వాచ్‌మన్ రెండూ ఆయనే. హాలు ఖాళీగా ఉన్న వేళల్లో అందులోనే కరాటే నేర్పారు. తిండి ఖర్చు తగ్గించుకోవడానికి హాస్టల్ వంటమనిషికి కరాటే నేర్పి, దానికి బదులుగా భోజనం బిల్లులో తగ్గింపు పుచ్చుకున్నారు. మెస్ చార్జీల బాధ తెలిసిన మనకు ఈ ముక్క బాగా అర్థమవుతుంది.

ఆయనే తన జీవితకథలో రాసుకున్న ఒక ముచ్చట ఉంది. ఒకరోజు ఆవరణ ఊడుస్తుంటే పత్రికా విలేకరి ఒకాయన వచ్చి, కరాటే గురువు ఫునకోషి గారు ఎక్కడ ఉంటారని ఈయననే అడిగాడు. ఒక్క క్షణం ఆగమని చెప్పి, గబగబా పైకి వెళ్లి, మంచి బట్టలు కట్టుకుని కిందికి వచ్చి, ఫునకోషిని నేనే అని పరిచయం చేసుకున్నారు. ఆ విలేకరి ముఖం ఎలా అయి ఉంటుందో ఊహించుకోండి. ఆ తర్వాత ఆయన శిష్యులకు ఇచ్చిన ఇరవై సూత్రాల్లో ఒకదాని భావం ఇది: చేసే ప్రతి పనిలోకీ కరాటేను తీసుకురావాలి. చీపురు పట్టిన మనిషి చెప్పిన మాట కాబట్టి నేను దీన్ని ఉత్తి ఉపన్యాసంగా తీసుకోను.

జూడో స్థాపించిన జిగోరో కానో సంగతి కూడా రెండు మాటల్లో. ఆయన కూడా చదువు కోసం ఇల్లు వదిలి బోర్డింగ్ బడిలో ఉన్నప్పుడు, సన్నగా పొట్టిగా ఉన్నాడని పెద్ద పిల్లలు ఏడిపించేవారు. అందుకే పట్టువిద్య నేర్చుకున్నారు. 1882లో టోక్యోలో ఒక గుడి ఆవరణలో కొద్దిమంది శిష్యులతో కొడోకాన్ మొదలుపెట్టారు. ఫునకోషిని 1922లో తన కొడోకాన్‌కు పిలిచి ప్రదర్శన ఇప్పించింది కూడా ఈయనే. కానో రెండు నియమాలు పెట్టారు. ఉన్న శక్తిని వృథా కాకుండా అత్యంత సమర్థంగా వాడాలన్నది ఒకటి, నువ్వూ ఎదుటివాడూ కలిసి బాగుపడాలన్నది రెండోది. ఈ రెండో దాని అవసరం తర్వాత వస్తుంది, గుర్తుంచుకోండి.

ఇక పని దగ్గరికి వద్దాం. బకెట్ ఎత్తేటప్పుడు మనలో చాలామంది దాన్ని ముందు పెట్టుకుని, మోకాళ్లు వంచకుండా, నడుము వంచి గుంజుతారు. చాచిన చేతితో ఎత్తిన బరువు నడుముకు అసలు బరువు కంటే చాలా ఎక్కువగా తెలుస్తుంది. నడుము కింది ఎముకల మధ్య ఉండే డిస్కుల మీద పడే ఒత్తిడి అంతా ఇక్కడే. దీనికి మందు మనకు మొదటి రోజే నేర్పారు. కిబా దాచి. గుర్రం మీద కూర్చున్నట్టు కాళ్లు వెడల్పుగా పెట్టి, వీపు నిటారుగా ఉంచి, మోకాళ్లు వంచి దిగడం. బకెట్‌ను రెండు పాదాల మధ్యకు తెచ్చుకుని ఆ స్టాన్స్‌లో దిగి, మడమలతో నేలను తొక్కుతూ లేవాలి. పంచ్ కొట్టేటప్పుడు ఊపిరి వదులుతాం కదా, లేచేటప్పుడు కూడా అంతే, ఊపిరి బిగబట్టకూడదు. మెట్ల మలుపు దగ్గర బరువు చేతిలో ఉండగా నడుము మెలితిప్పితే పట్టేస్తుంది. కటాలో వెనక్కి తిరిగేటప్పుడు ముందు పాదం, దానితో తుంటి, తర్వాత భుజం తిరుగుతాయి. మలుపు దగ్గర అదే వరస.

పదిహేను లీటర్లు ఒక్క చేత్తో మోసే కంటే రెండు చేతుల్లో ఏడున్నర చొప్పున మొయ్యడం నయం, వెన్నెముక ఒక పక్కకు ఒరగదు. కానీ మెట్లు తడిగా ఉంటే ఈ సలహా పనికిరాదు. అప్పుడు ఒక చేతిలో సగం బకెట్, రెండో చెయ్యి రెయిలింగ్ మీద. ట్రిప్పులు పెరిగితే పెరిగాయి. ఒకినావాలో కరాటే వాళ్లు మట్టి జాడీల మెడను వేళ్లతో పట్టుకుని నడిచే సాధన ఒకటి ఉంది. మన అక్కలు బిందె మెడ పట్టుకుని బోరింగు నుంచి ఇంటికి నడవడం చూసినవాళ్లకు అది కొత్తగా అనిపించదు.

దుప్పటి పిండేటప్పుడు మోచేతులు పక్కటెముకలకు దగ్గరగా పెట్టుకుని, పంచ్ చివర్లో పిడికిలి తిప్పినట్టు ముంజేతులు తిప్పాలి. చేతులు చాచి పిండితే భుజాలే నొస్తాయి, నీళ్లు పోవు. ఊడ్చేటప్పుడు వరసకు ఒకసారి చెయ్యి మార్చాలి, క్లాసులో ప్రతి దెబ్బను కుడివైపూ ఎడమవైపూ సాధన చేసినట్టే. ఇవి చిన్న విషయాలే.

పెద్ద విషయం పడటం. పాచి పట్టిన బాత్‌రూముల్లో, తడి మెట్ల మీద జారి పడని హాస్టల్ విద్యార్థి లేడు. జారగానే చెయ్యి ఆనించడం అందరి అలవాటు, అక్కడే మణికట్టు విరుగుతుంది. లేదా తల వెనక్కి వెళ్లి నేలకు తగులుతుంది. జూడోలో ఎదుటివాడిని ఎత్తి పడెయ్యడం కంటే ముందు పడటం నేర్పుతారు. గడ్డం ఛాతీకి ఆనించాలి, వీపు గుండ్రంగా చెయ్యాలి, చేతులు చాచి ఆనించకుండా అరచేయీ ముంజేయీ కలిపి పక్కన నేలను చరచాలి. దెబ్బ ఒక్కచోట పడకుండా విస్తరిస్తుంది. ఇది ఇసుకలోనో మెత్తటి చాప మీదో వందసార్లు చేస్తే తప్ప శరీరానికి పట్టుబడదు. చాలా కరాటే క్లాసుల్లో దీనికి ఒక్క రోజు కూడా ఇవ్వరు. పెంకులకు మాత్రం ఇస్తారు. (పాచి గీకించడం అన్నిటికంటే ముందు చెయ్యవలసిన పని. అది ఏ విద్యా కాదు, బ్లీచింగ్ పౌడర్ పని.)

ఇదంతా చదివి, జపాన్ వాళ్లు చెబితే గానీ మనకు తెలియదా అని ఎవరైనా అడగవచ్చు. తెలుసు. రాణిగంజ్‌లో లారీ దగ్గర పొద్దున పూట ఒక గంట నిలబడి చూడండి. హమాలీ బస్తా ఎత్తేటప్పుడు చేతుల బలంతో ఎత్తడు. కాళ్ల మధ్యకు లాక్కుని, తొడ మీదికి తెచ్చి, అక్కడి నుంచి ఒక్క ఊపుతో భుజానికి వేస్తాడు. మూడు కదలికలు, మధ్యలో ఒక్క అడుగు కూడా వృథా పోదు. స్టేషన్‌లో ఎర్ర చొక్కా కూలీలు తలపాగా గుడ్డను చుట్టకుదురుగా చేసి సూట్‌కేసు పెట్టించుకుని, ముందు మెడ నిలిపి తర్వాతే అడుగు వేస్తారు. మా నాన్న హమాలీ. నాకు కరాటే మాస్టారు కిబా దాచి నేర్పడానికి చాలా ముందే ఆయన చెప్పిన మాట ఒకటి ఉంది: "బస్తాను దూరం పెట్టి లేపకు బిడ్డా, అది నిన్నే గుంజుతది." మోకాలు, తుంటి, ఊపిరి అన్నీ ఆ మాటలో ఉన్నాయి. బెల్టు ఒక్కటే లేదు.

మన ఊరి దండీలు, బస్కీలు, కర్రసాము, తాలీంల సంగతి ఎవరూ చెప్పనక్కరలేదు. లష్కర్ బోనాల రోజు తల మీద బోనం పెట్టుకుని, చెయ్యి వదిలేసి, ఆ ఇరుకు గుంపులో నడిచే ఆడవాళ్ల మెడ ఎంత నిలకడగా ఉంటుందో గమనించండి. ఆ ఉజ్జయిని మహంకాళి గుడి పుట్టుక గురించి చెప్పుకునే కథలో, 1813లో ఉజ్జయినిలో కలరా వచ్చినప్పుడు మొక్కుకుని, తిరిగి వచ్చి అమ్మవారిని నిలిపిన సురిటి అప్పయ్య మిలిటరీలో డోలీ మోసే మనిషి. మన సికింద్రాబాద్ పెద్ద పండుగకు మూలపురుషుడు బరువులు మోసినవాడే! తల మీద మోసే నేర్పును శాస్త్రజ్ఞులు కూడా కొలిచారు. 1986లో 'నేచర్' పత్రికలో వచ్చిన ఒక అధ్యయనం ప్రకారం, కెన్యాలో అలవాటున్న స్త్రీలు తమ బరువులో ఐదో వంతు దాకా తల మీద మోసినా అదనంగా శక్తి ఖర్చు కాలేదట. తర్వాతి పరిశోధకులు మాత్రం ఇది అందరి విషయంలో నిజం కాదన్నారు, మెడ నొప్పుల సంగతి కూడా ఎత్తారు. ఆ రెండో మాట కూడా మనం వినాలి.

ఈ వ్యాసం రాస్తున్నానని తెలిసి మన పూర్వ విద్యార్థి అన్న ఒకరు కొంచెం కోపంగానే మాట్లాడారు. "మన తాతలు మోసిన్రు, అయ్యలు మోసిన్రు. మనల్ని హాస్టల్‌కు పంపింది మొయ్యొద్దనే గదా తమ్మీ. మళ్ల నువ్వొచ్చి చీపురు పట్టుడు గొప్ప విద్య అని రాస్తవా?" ఆయన మాటను నేను తేలిగ్గా తీసుకోలేదు. ఇప్పటికీ పూర్తిగా జవాబు చెప్పగలనని కూడా అనుకోవడం లేదు.

జపాన్‌లో సాధన హాలును శిష్యులే తుడుస్తారు. క్లాసుకు ముందు, క్లాసు తర్వాత. నల్ల బెల్టు ఉన్నవాడూ తుడుస్తాడు, తెల్ల బెల్టు వాడూ తుడుస్తాడు. అందుకే అక్కడ తుడవడం శిక్షణలో భాగమైంది. మన దేశంలో ఎవరు ఊడ్వాలో పుట్టుకతోనే రాసి పెట్టారు. ఊడ్చేవాడి పిల్లలే ఊడ్చేవాళ్లయ్యారు. ఇలాంటి చోట "పనిలో పరమార్థం ఉంది" అని ఉపన్యాసం ఇస్తే, అది విని చప్పట్లు కొట్టేవాడు ఒకడు, ఊడ్చేవాడు ఇంకొకడు అవుతారు. సాంఘిక సంక్షేమ హాస్టల్ పిల్లల చేత చీపురు పట్టించి, అది క్రమశిక్షణ అని పేరు పెట్టే పెద్దమనిషి తన సొంత పిల్లల బడిలో అదే పని చేయించగలడా అన్నది అడగవలసిన ప్రశ్నే.

మరి ఫునకోషిని ఎందుకు తెచ్చానంటే, ఆయన చీపురు పట్టింది కులం చెప్పినందుకు కాదు. ఆయన బడిపంతులు, గురువు, అయినా ఊడ్చారు. విలేకరి ముందు సిగ్గుపడి చీపురు దాచలేదు. బట్టలు మార్చుకుని వచ్చి నేనే అన్నారు. మన హాస్టల్లో దీనికి వ్యతిరేకం జరగడం నేను చూశాను. ఆరెంజ్ బెల్టు రాగానే కొందరు తమ్ముళ్లు జూనియర్ చేత బకెట్ మోయించడం మొదలుపెడతారు. బెల్టు రంగు మారిన కొద్దీ బకెట్ చిన్నవాడి చేతికి దిగుతుంది. ఊళ్లో మనల్ని తొక్కిన మెట్ల వరసనే మనం హాస్టల్లో మళ్లీ కట్టుకుంటున్నామన్నమాట. కానో రెండో నియమాన్ని గుర్తుంచుకోమన్నది ఇందుకే. బెల్టు పెరిగినవాడి ట్రిప్పులు పెరగాలి, తగ్గకూడదు. అలా జరిగే చోట చీపురు విద్య అవుతుంది. లేనిచోట మా అన్న అన్నదే నిజం, అది పాత వెట్టికి కొత్త పేరు.

బరువు సంగతి ఇంకోటి ఉంది. స్టాన్స్ సరిగ్గా ఉంటే ఎంతైనా మొయ్యొచ్చని ఎవరైనా అంటే నమ్మకండి. నేను ఉన్న ఒక హాస్టల్లో బియ్యం లారీ వచ్చినప్పుడు 50 కిలోల బస్తాలను ఏడు, ఎనిమిది తరగతుల పిల్లల చేత దింపించేవారు. "కరాటే పిల్లలు కదా, దించుతారు" అనేవారు. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1967లో చేసిన సిఫారసు ప్రకారం పెద్దవాడైన మగ కూలీ మొయ్యదగిన గరిష్ఠ బరువు 55 కిలోలు. అది ఆరోగ్యంగా ఉన్న పెద్ద మనిషికి, కూలి తీసుకునేవాడికి. అమెరికాలో పని ప్రదేశాల భద్రతా సంస్థ 1991లో వేసిన లెక్కలో, అన్నీ అనుకూలంగా ఉన్నప్పుడు కూడా చేత్తో ఎత్తడానికి పెట్టిన హద్దు 23 కిలోలు. పదమూడేళ్ల పిల్లవాడి సొంత బరువే బస్తా బరువు కంటే తక్కువ ఉంటుంది. వాడికి కిబా దాచి నేర్పి ఆ బస్తా ఎత్తించడం కరాటేను అవమానించడమే.

మా నాన్న టెక్నిక్‌లో ఏ లోపమూ లేదని పైన చెప్పాను. అయినా యాభై ఏళ్లకే ఆయన నడుము పోయింది. ఇప్పుడు మంచం మీద నుంచి లేవాలంటే పక్కకు తిరిగి, చెయ్యి ఆనించి, రెండు అంచెల్లో లేస్తాడు. ముప్పై ఏళ్ల పాటు రోజుకు వంద బస్తాలు మోసినవాడిని ఏ స్టాన్సూ కాపాడదు. కరాటేలో దెబ్బ కొట్టడం, ఆపడం, తప్పుకోవడం మూడూ నేర్పుతారు. ఈ మూడోది బరువుల విషయంలో ఎవరూ నేర్పరు. "సార్, ఇది నేను ఎత్తలేను, ఇద్దరం కావాలి" అని చెప్పడం నేర్పాలి. చెప్పిన పిల్లవాడిని పిరికివాడు అనకుండా ఉండటం మనం నేర్చుకోవాలి.

కాబట్టి వార్షికోత్సవం సందర్భంగా పూర్వ విద్యార్థుల సంఘానికి నేను అడిగేవి ఎక్కువ కాదు. ఈసారి షీల్డులు, మెమెంటోలకు పెట్టే డబ్బులో కొంత తగ్గించి ఒక రెండు చక్రాల చేతిబండి, నాలుగు పొడుగు కర్ర చీపుర్లు, జూడో పడటం సాధన చెయ్యడానికి రెండు మందపాటి చాపలు కొనండి. పై అంతస్తు నీళ్ల మోటారు విషయం వార్డెన్ సార్‌తో కలిసి రాతపూర్వకంగా పెట్టండి, నోటి మాట చాలదు. కరాటే మాస్టారిని నెలలో ఒక్క ఆదివారం క్లాసు మెట్ల దగ్గర, బకెట్లతో పెట్టమని అడగండి.

ఇంకొకటి. ఏడాదికి ఒక్క రోజు రాణిగంజ్ నుంచో స్టేషన్ నుంచో పెద్దవయసు హమాలీ ఒకాయనను పిలిచి, బస్తా ఎలా ఎత్తాలో, ఎప్పుడు ఎత్తకూడదో మన పిల్లలకు చెప్పించండి. మాస్టారికి వేసినట్టే కుర్చీ వెయ్యండి, మాస్టారికి ఇచ్చినంతే గౌరవ వేతనం ఇవ్వండి. పొద్దున పూట పిలిస్తే ఆయన ఆ రోజు కూలి పోతుంది, అది కూడా లెక్కలో వెయ్యండి.